నాంచారయ్య బదులు వెళ్ళినవాణ్ణి

నాంచారయ్య గురించి చెప్పాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మనిషంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ ఉంది.

మా ఇద్దరిదీ నాగాయలంకే, ఒకటే వీధి. ఏడో తరగతితో చదువు మానేసి పాతికేళ్ళుగా రొయ్యల చెరువుల మీద బతుకుతున్న మనిషి అతను. నేను బీఎస్సీ. గుడివాడ కుర్రాడు అనుదీప్ పెట్టిన కంపెనీలో ఫీల్డ్ మేనేజర్ని. ఆ కంపెనీ తయారుచేసేది ఒక మైకు. చెరువులోకి దించితే రొయ్యలు మేత కొరికే చప్పుడు వింటుంది. అవి తింటున్నంతసేపే యంత్రం నుంచి మేత పడుతుంది. ఏ చప్పుడు ఏమిటో దానికి నేర్పడానికి చెరువు తెలిసినవాడు కావాలంటే, నాంచారయ్యను తీసుకొచ్చింది నేనే. చేజేతులా.

ఏడాది తిరక్కుండానే మైకు ఒకటి చెప్పి నాంచారయ్య ఇంకోటి చెబితే, మైకునే మార్చడం మొదలైంది. రైతులు నాకు ఫోన్ చేసి, "నాంచారయ్యకి ఒకసారి ఇస్తారా అండీ?" అనేవాళ్ళు. ఇచ్చి పక్కన నిలబడేవాణ్ణి.

దివిసీమలో నలభై చెరువులకైనా మైకులు పడకముందే అనుదీప్ దక్షిణ అమెరికాలో ఉన్న ఈక్వడార్ వెళ్దామన్నాడు.

"ఇక్కడే కుదురుకోలేదు, అప్పుడే అంత దూరం ఎందుకండీ?" అన్నాను.

"ఇక్కడ రెండెకరాల చెరువు కోసం రెండు నెలలు తిరుగుతున్నామండీ. అక్కడ ఒక్కో చెరువే పాతికెకరాలు. పెద్ద కంపెనీలు దిగాక వెళ్తే మనల్ని గేటు కూడా దాటనివ్వరు. నాంచారయ్యని పంపుదాం."

పాస్‌పోర్టు తీసుకుని మూడేళ్ళుగా బీరువాలో దాచుకున్నవాణ్ణి నేను. హైదరాబాదు కూడా చూడని మనిషి వెళ్తాడట. ఆ పూట అన్నం సహించలేదు. నాంచారయ్య భార్య కొండమ్మ మా ఇంటికొచ్చి అక్కడ చలి ఉంటుందా అని అడిగితే, "నాకేం తెలుసు, వెళ్ళేవాణ్ణే అడుగు" అన్నాను.

పాస్‌పోర్టు దరఖాస్తులో సాక్షిగా నా పేరు రాశాడు నాంచారయ్య. విచారణకొచ్చిన కానిస్టేబుల్ని ఒక ఉదయం వెంటబెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను లోపల మంచం మీద కూర్చుని ఉన్నాను. లేనని చెప్పమన్నాను మా ఆవిడ రత్నకుమారితో. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, వెళ్ళి అలాగే చెప్పింది. మళ్ళీ వస్తానన్న కానిస్టేబుల్ ఏదో బందోబస్తు పని మీద వెళ్ళి పదిహేను రోజులదాకా రాలేదు. ఈలోగా వీసాకి దరఖాస్తు పెట్టే గడువు దాటేలా ఉందని అనుదీప్ కంగారుపడి, "మీరే వెళ్ళాలండీ" అన్నాడు. సిగ్గు వేసింది. సిగ్గు కంటే సంతోషమే ఎక్కువ వేసింది.

బయల్దేరేముందు రెండు రోజులు నాంచారయ్య నన్ను గట్ల వెంట తిప్పి పని చెప్పాడు. రొయ్య పేగు ఏ రంగులో ఉండాలో, గాలి చప్పుడుకీ మేత చప్పుడుకీ తేడా ఏమిటో ఓపిగ్గా చెబుతుంటే నోటుపుస్తకం నిండా రాసుకున్నాను.

ఈక్వడార్లో నాకు చూపించిన చెరువుకి అవతలి గట్టు మీది మనిషి చీమంత కనబడ్డాడు. పడవలో నడిమధ్యకి వెళ్ళి మైకు దించాను. రెండు రోజులు దానికి ఏ చప్పుడూ వినబడలేదు, మేత పడలేదు. మూడోరోజు ఉదయం చెరువు యజమాని వల వేయించి, ఖాళీ పేగులతో ఉన్న రొయ్యల్ని నా చేతిలో పెట్టాడు. సాయంత్రంలోగా పని చేయకపోతే సామాను సర్దుకోమన్నాడని పక్కనున్న దుబాసీ చెప్పాడు. చేసేదిలేక నాంచారయ్యకి వీడియో కాల్ చేశాను. మన దగ్గర అప్పుడు సాయంత్రం.

చెరువంతా చూపించమని, నిదానంగా చూశాడు. "దించేముందు అడుగు చూశారా అండి?"

"అడుగేంటి?"

"దిగి కాలితో చూడాలండి. నల్లబురద పేరుకున్నచోట రొయ్య నిలవదు. గట్టినేల కాలికి తగిలినచోట మైకు దించాలి."

రెండు రోజుల పాఠంలో ఈ మాట లేదు. నోటుపుస్తకంలో వెతకాల్సిన పనికూడా లేదు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?"

"పోలీసాయనతో వచ్చినప్పుడు మీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయండి," అన్నాడు. "అయినా అన్నీ చెప్పేద్దామనే అనుకున్నా. మీరు విమానం ఎక్కుతారంటే కడుపు మండిపోయిందండి. ఆ ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు."

నేను క్షమించమని అడగాలి. లేదా తిట్టాలి. రెండూ చేయలేదు. నన్ను చూసి నాంచారయ్యకి కడుపు మండిందట. ఇన్నేళ్ళలో ఎవరూ నా గురించి అంత గొప్ప మాట అనలేదు. "ఏమన్నావు, సరిగా వినబడలేదు," అని అతనిచేత మళ్ళీ చెప్పించుకుని, ప్యాంటు విప్పి గట్టు మీద పెట్టి, జీవితంలో మొదటిసారి చెరువులోకి దిగాను.