కొండ మీద నడుము నొప్పి

మా బీరువా తలుపు లోపలివైపు ఒక ఫొటో అంటించి ఉంది. వెనకాల మంచు కొండలు, ముందు పన్నెండుమంది పిల్లలం, పక్కన మా సారు. అందరికీ చెవులు మూసే ఒకే రకం ఉన్ని టోపీలు. ఇంటికొచ్చినవాళ్ల కంట పడితే చాలు, "అబ్బో, హిమాలయాలు ఎక్కినవా!" అంటారు. ఎక్కలేదు. మా తలల పైన తెల్లటి గీతలా కనిపిస్తుందే, మేం దాటాల్సిన కనుమ అదే. ఇంకో గంట నడిస్తే దాన్ని అందుకునేవాళ్లం. నా మూలంగా పన్నెండుమందిమీ వెనక్కి తిరిగాం.

అది మేం పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో ఆటల్లో ముందున్న పిల్లల్ని ఏరి, ఆరుగురు ఆడపిల్లల్ని, ఆరుగురు మగపిల్లల్ని ఉత్తరాదికి కొండ నడకకు తీసుకుపోయారు. సూర్యాపేట నుంచి నేను పరుగులో మొదటిదాన్ని. ఆ సంగతి ఎదుటివాళ్లు అడక్కముందే చెప్పేదాన్ని. ముక్కు మీద కోపం, నెత్తి మీద పొగరు. ఆ వయసులో నా సామానులో బరువైనవి ఆ రెండే.

మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర తండా. అమ్మను మేం యాడి అంటాం. యాడి నాట్ల ముఠాకు పెద్ద. ఇరవైమంది ఆడవాళ్లను వెంటేసుకుని పెన్‌పహాడ్ దాకా పోయి నాట్లు వేసి వచ్చేది. ఇంట్లో మా భాష, ముఠాలో తెలుగు. సెలవులకు హాస్టల్ నుంచి వస్తే నేనూ పోయేదాన్ని. నాటే పొలం ఎట్లా ఉంటుందో తెలుసు కదా, ఎంత దూరం చూసినా నీళ్లు, ఒడ్లు. ఒక పొద చాటు కూడా ఉండదు. పక్కనే రోడ్డు, దాని మీద ట్రాక్టర్లు, బండ్లు. అందుకని ఆ ముఠాలో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా ఒంటికి పోవాల్సి వస్తే నోరు తెరిచి అడిగే పని లేదు. మొహం చూసి యాడే కనిపెట్టి, నడుము మీద చెయ్యేసుకుని లేచేది.

"నా నడుము నొస్తుంది. అందరు జర లేవుండ్రి."

అంతే, ఇరవైమందీ లేచి రోడ్డుకు అడ్డంగా వరసగా నిలబడేవాళ్లు, వెనక్కి చూడకుండా. ఆ వరస వెనక ఒకామె పోయి వచ్చేది. తర్వాత అందరూ మళ్లీ వంగేవాళ్లు. ఎవరి కోసం లేచామన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. నాకేమో ఒళ్లు మండేది. అందరికంటే ముందు ఒడ్డు చేరాలని నేను పరుగులు పెడుతుంటే మధ్యలో ఈ లేవడాలేమిటని. ఒకసారి ఉండబట్టలేక, "యాడీ, నీకు నిజంగ నొస్తుందా?" అని అందరి ముందే అడిగాను. చేతిలో ఉన్న నారు కట్ట నా వీపుకు తగిలింది.

"నా నడుము సంగతి నీకెందుకే? మూసుకొని నాటెయ్!"

ఇక కోదాడ పిల్ల సంగతి. కొండ నడకలో ఇద్దరిద్దరిని జంటలుగా వేశారు. నాకు ఆమె పడింది. నల్ల కళ్లద్దాలు, మొహానికి క్రీము, మాటకు ముందూ వెనకా "అండీ". రైలు ఎక్కకముందే ఆమెను డబ్బున్న ఇంటి పిల్ల కింద జమకట్టేశాను. "ఎండ మనూర్ల ఉంది గాని, మంచుల కళ్లద్దాలెందుకే?" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. ఆమె తిరిగి నావంక చూసి, "నీకు అంత పొగరేంటే?" అంది. ఆ రోజు నుంచి మా డేరాలో అవసరమైతే తప్ప మాటల్లేవు.

మొదటి రెండు రోజులు దేవదారు చెట్ల మధ్య హాయిగా గడిచాయి. మిర్యాలగూడ పిల్లవాడొకడు, వాళ్ల నాన్న మిల్లులో పనిచేస్తాడు, ఐదు కిలోల బియ్యం మోసుకొచ్చాడు. దారి చూపే పహాడీ ఆయన రొట్టెలు చేస్తానంటే పన్నెండుమందీ ఒప్పుకోలేదు. పైకి పోయేకొద్దీ అన్నం ఉడకడం మానేసింది. పొయ్యి మీద గంటసేపు పెట్టినా మెతుకు మధ్యలో పలుకు. సారుది కూడా మిర్యాలగూడే. ఆ పలుకుల్ని పటపట నములుతూ, "ఎట్లున్నా మన బియ్యమేరా," అని మెచ్చుకుంటూ తినేవాడు.

ఆ పహాడీ ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పే పని నాది. మా ఇంటి భాష హిందీకి దగ్గర కాబట్టి నాకు గబగబా అర్థమయ్యేది. సారు హిందీ బజారు బేరాల దగ్గర ఆగిపోయేది. సారుకే నేను అవసరమయ్యేసరికి నా గర్వం ఇంకో మెట్టెక్కింది.

మూడో రోజు చెట్లు అయిపోయాయి. పైన అంతా పచ్చిక, గాలి, ఆకాశం. కింది మకాంలో రేకుల గది ఒకటి ఉండేది. ఇక్కడ అదీ లేదు. ఆడపిల్లలు జంటగా దూరంగా ఉన్న ఒక బండ దాకా పోవాలి. మాతో వచ్చిన మేడం మోకాలు వాచి కిందే ఆగిపోయింది. నేను పోవాలంటే కోదాడ పిల్లను తోడు అడగాలి. ఆమెను అడగడమా? ఎగతాళి చేసిన నోటితో? దానికంటే నీళ్లు మానేయడం తేలిక అనిపించింది.

నీళ్లు మానేయడం నాకు కొత్త కాదు. బస్సెక్కాలంటే మానేయడం, జాతరకు పోవాలంటే మానేయడం, పరీక్ష రోజు మానేయడం. మా ఆడపిల్లలందరం నడక నేర్చినట్టే దాన్నీ నేర్చుకున్నాం. మా ఊళ్లో అయితే ఎండ ఊరుకోదు, నాలుక పిడచకట్టుకుపోయి దాహమే చెంబు దగ్గరికి లాక్కుపోతుంది. ఆ చలిలో దాహమే వేయలేదు. వేయలేదు కాబట్టి ఒంటికి అక్కర్లేదనుకున్నాను. ఎండ గురించి అన్నీ తెలిసినదాన్ని, చలి గురించి ఒక్క ముక్క తెలియదు.

నాలుగో రోజు తల పగిలిపోతున్నట్టు నొప్పి. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే మేడం ఆగిపోయినప్పుడే సారు ఒక మాట చెప్పాడు. "పెద్దోళ్లం ఇద్దరమే మిగిలినం. ఒక్కరికి బాగలేకున్నా అందరం దిగుడే. ఇద్దరు ముగ్గురిని ఒదిలిపెట్టి పోయేది లేదు." పన్నెండుమంది ఆశ నా తలనొప్పి మీద నిలబడింది. నిలబెట్టగలననుకున్నాను.

ఐదో రోజు తెల్లవారకముందే బయల్దేరాం. మంచు మీద ఒకరి అడుగులో ఒకరం అడుగు వేస్తూ పోతున్నాం. ముందు నడుస్తున్న మిర్యాలగూడ పిల్లవాడు, "అరే, కనబడుతుందిరా! జెండాలు గూడ ఉన్నయ్!" అని కేక పెట్టాడు. నేను తల ఎత్తాను. కనుమ రెండుగా కనిపించింది. మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాను.

పహాడీ ఆయన వచ్చి నా సంచిలో సీసా తీసి చూశాడు. ముందురోజు పొద్దున నింపిందే, మూత దాకా అలాగే ఉంది. ఒంటికి పోయి ఎంతసేపైందని హిందీలో అడిగాడు. సారు, "ఏమంటున్నడు బిడ్డా?" అన్నాడు.

"నడవగల్గుతవా అంటున్నడు సార్."

కోదాడ పిల్ల నావంక అదోలా చూసింది. బళ్లో అందరం చదివిన హిందీయే కదా. ఆ మాత్రం ఆమెకూ వచ్చని నాకు తట్టలేదు.

సారు ఒకసారి కనుమ వైపు చూశాడు, ఒకసారి నావైపు చూశాడు. "ఇగ దిగుదాం," అన్నాడు. అందరూ సంచులు సర్దుకుని వెనక్కి తిరిగారు. తిట్టినా బాగుండేది. మిర్యాలగూడ పిల్లవాడు వచ్చి నా సంచి తీసుకుని తన సంచి మీద వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నానికి నన్ను పట్టుకుని పచ్చిక మకాం దాకా దించారు.

పహాడీ ఆయన ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు ఇచ్చాడు. పుక్కిట పట్టి, ఆయన అటు తిరగ్గానే ఉమ్మేశాను. నవ్వకండి. ప్రాణం మీదికి వచ్చినా నా బుర్రలో తిరుగుతున్నది ఆ దూరపు బండే. ఇప్పుడు అక్కడిదాకా నడిచే ఓపిక కూడా లేదు. చుట్టూ బోడి పచ్చిక, అటు ఆరుగురు మగపిల్లలు. నీళ్లు తాగితే ఎట్లా? ఆయన నా పెదవులు చూసి సారుతో గట్టిగా చెప్పాడు. పొద్దు గూకేలోపు ఈ పిల్ల నీళ్లు తాగాలి, ఒంటికి పోవాలి, లేదంటే చీకట్లో మంచు దారిన వీపు మీద కట్టుకుని రోడ్డు దాకా దించాలి, అది మోసే తనకూ ప్రమాదమే, పిల్లకూ ప్రమాదమే అన్నాడు. ఏమన్నాడని సారు మళ్లీ నన్నే అడిగాడు.

"పండుకుంటె తగ్గుతదట సార్."

పక్కన చాప చుడుతున్న కోదాడ పిల్ల చేతులు ఆగిపోయాయి. నా గుట్టు చెప్పేస్తుందనుకున్నాను. చెప్పడానికి ఆమెకు అన్ని హక్కులూ ఉన్నాయి. ఆమె లేచి డేరా బయటికి పోయింది. నడుము మీద చెయ్యేసుకుంది.

"నాకు నడుం నొప్పి పుడతంది. అందరూ ఓసారి లెగండి."

నేను విన్నది నిజమేనా అనిపించింది. ఇద్దరు ఆడపిల్లలు ఆ మాట వినగానే, ఒక్క ప్రశ్న అడగకుండా, దుప్పట్లు తీసుకుని లేచారు. మిగతా ఇద్దరు వాళ్లను చూసి లేచారు. నలుగురూ దుప్పట్లు తెరలా పట్టుకుని, నాకు వీపులు తిప్పి, డేరా పక్కనే వరసగా నిలబడ్డారు. ఆమె మగపిల్లల వైపు తిరిగి, "మీకూ నొప్పేనండీ. అటు తిరిగి నిలబడండి," అంది. మిర్యాలగూడ పిల్లవాడికి ఏం అర్థమైందో తెలియదు గానీ, అందర్నీ కనుమ వైపు తిప్పి ఎక్కాలు ఎత్తుకున్నాడు. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు..." ఆరుగురి గొంతులు కొండకు తగిలి తిరిగి వచ్చాయి. మా సారు కూడా అటు తిరిగి, నడుము పట్టుకుని, వాళ్లతో గొంతు కలిపాడు.

ఆమె నా రెక్క పట్టుకుని లేపింది. నేను ఏడుస్తూ పోయాను, ఏడుస్తూ వచ్చాను. గ్లాసు నోటికి పెడితే తాగాను. ఒకటి కాదు, మూడు. చీకటి పడేలోపు ఆమెకు ఇంకో రెండుసార్లు నడుం నొప్పి వచ్చింది. పదిహేనో ఎక్కం దాకా పోయారు.

తల తేలికపడ్డాక అడిగాను, "నీకు గా మాట ఎట్ల తెలుసే?"

"ఏ మాట?"

"నడుము మాట."

"మా అమ్మ నాట్ల ముఠాలోనే కదా. నేనూ పోతాను."

"మరి గా కళ్లద్దాలు?"

"మా హాస్టల్ పిల్లలందరివీ. మంచులో కళ్లు పోతాయని ఎవరో చెబితే భయపడి, తలా ఇంత వేసుకుని కొనిపెట్టారు. ఆ క్రీము కూడా వాళ్లదే."

నేను తల దుప్పటిలో దూర్చుకున్నాను. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

పొద్దునకు నేను లేచి నడవగలిగాను. మళ్లీ ఎక్కుదామని సారును బతిమాలాను. పైన మబ్బు కమ్ముకొస్తోంది, రోజులూ మిగల్లేదు. అప్పుడు పహాడీ ఆయన తీసిందే ఆ ఫొటో. నేను మళ్లీ ఏడుపు మొదలుపెడితే మిర్యాలగూడ పిల్లవాడు, "ఏడుస్తవెందుకే, పైకి పోతె ఏముంది, గాడ గూడ అన్నం ఉడకదు," అన్నాడు. ఫొటోలో అందరం నవ్వుతున్నది అందుకే.

హైదరాబాద్ నుంచి కోదాడ పోయే బస్సులో సూర్యాపేటలో నేను దిగాలి. బస్టాండులో యాడి నిలబడి ఉంది. "ఎక్కినవా?" అంది. దిగుతూ దిగుతూనే అంతా చెప్పేశాను. కోపం లేదు, అరుపు లేదు, మొత్తం విన్నది. "ఏ పిల్ల?" అంది. చూపించాను. యాడి బస్సు కిటికీ దగ్గరికి పోయి, నా కోసం కొంగులో కట్టుకొచ్చిన ఉడకేసిన పల్లికాయలన్నీ ఆ పిల్ల ఒళ్లో పోసింది.

"నడుము ఎట్లుంది బిడ్డా?"

"తగ్గిందండీ," అంది ఆ పిల్ల.

నాకు ఒక్క పల్లికాయ మిగల్లేదు. దారి పొడుగునా తిట్లు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు నేను ఆటల టీచర్ని. ఆడపిల్లల్ని పోటీలకు తీసుకుపోయినప్పుడు బస్సు కదిలే ముందు నా ఎదుటే ఒక్కొక్కరితో సీసా ఖాళీ చేయిస్తాను. దారిలో ఎవరి మొహమైనా తేడాగా కనిపిస్తే నా నడుము నొప్పి పుడుతుంది. డ్రైవర్లకు నేనంటే విసుగు. పడనీ.

కోదాడ పిల్ల ఒక దవాఖానలో నర్సు. నెలకోసారైనా మాట్లాడుకుంటాం, పోట్లాడుకుంటాం. ఆ పన్నెండుమందిలో ఏ ఒక్కరూ నా వల్ల దిగామని ఇంతవరకూ ఎక్కడా అనలేదు. ఆ రుణం నా ఒంట్లో నీళ్లంత నిజం. కానీ నోరు తెరిచి చెప్పనేలేదు. మొన్న బీరువా సర్దుతూ ఫొటో చూసి, ఆగలేక ఫోన్ చేశాను.

"ఆ రోజు నువ్వు లేవకుంటె నేను ఏమైపోదునో. ఇన్నేండ్లయింది, ఒక్కసారి గూడ చెప్పలే. నీకు దండం పెడ్తనే."

ఆమె విసుక్కుంటూ అంది.

"దేనికే? ఆ రోజు నాకు నిజంగానే నడుం నొప్పి పుట్టింది."