సగం జొన్న రొట్టె

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్లే బస్సు బొగ్గుతో నడిచేది. ఎత్తు వచ్చినచోటల్లా అందరం దిగి నడవాల్సిందే. నాకప్పుడు ముప్పై ఏళ్లు. దుకాణంలో కూర్చుని పెంచిన పొట్ట మా ఇంటి కలిమికి గుర్తని మురిసిపోయేవాణ్ణి. ఒకరోజు కనకమామిడి దాటాక సగం ఎత్తు ఎక్కేసరికే ఆయాసంతో రాయి మీద కూలబడ్డాను.

నెత్తిన గంపతో ముందు నడుస్తున్న ముసలామె వెనక్కి వచ్చింది. మా అమ్మకన్నా పెద్దది.

"ఏం తింటవు బిడ్డా?"

"తెల్లన్నం, నెయ్యి. మూడు పూటలు."

"ఏం పని జేస్తవు?"

"జొన్నలు, పప్పులు అమ్ముత."

"అమ్ముతవు గని తినవా?" అని నవ్వి, గంపలోని మూట విప్పి జొన్న రొట్టె సగానికి తుంచింది. మీద కాస్త గోంగూర తొక్కు పెట్టింది. "నిమ్మళంగ నములు. ఫికర్ జెయ్యకు, మెల్లగ పోదం."

బయటివాళ్ల చేతి వంట ముట్టని ఇల్లు మాది. అయినా తిన్నాను. సాయంత్రం దాకా ఆకలి కాలేదు. మళ్లీ బస్సెక్కాక ఆమె సురంగల్ తోవ దగ్గర దిగిపోయింది. పేరైనా అడగలేదు.

మర్నాడు దుకాణం తెరిచి, మొదటి గిరాకీ రాకముందే మానెడు జొన్నలు ఇంట్లోకి కొలిచాను.

"ఎవరికి బిడ్డా, కూలోళ్లకా?" అంది అమ్మ.

"కాదమ్మ, మనకే."

మరుసటేడు బస్సు అదే ఎత్తు దగ్గర ఆగింది. పైదాకా ఆగకుండా నడిచాను. అక్కడ నిలబడి, వెనక ఎవరైనా కూలబడ్డారేమోనని తిరిగి చూశాను.