నాకు అర్థమైతేనే సంతకం

గత నెల ఒక మంగళవారం ఉదయం మా ఆవిడ పోయింది. గుండె ఆగిపోయింది. మణికొండలోని మా ఇంటి నుంచి ఆసుపత్రికి పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలు కూడా ఆమెకు లేకపోయాయి. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నార్సింగి దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆమె మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెప్పేది. వాళ్లు ఏ సబ్జెక్టులు తీసుకోవాలి, ఏవి వదిలేయవచ్చు అన్నది చూసే పని కూడా ఆమెదే. ఆమె పాఠాల గురించి శిష్యులు రాస్తారు. నేను బీఏ, చరిత్ర. రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనంలో లిఫ్టులు, నీళ్లు, కరెంటు చూసుకునే ఉద్యోగం. లెక్కలు రాని మనిషిగా ఆ కాలేజీలో నాకూ ఒక పని ఉండేది. నేను రాయగలిగింది దాని గురించే.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. మొదటి సెమిస్టర్ లెక్కలు ముందే వచ్చిన పిల్లలు, చేరిన కొత్తలో ఒక పరీక్ష రాసి ఆ క్లాసు నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. ఆ గంటల్లో కోడింగో, ఎలక్ట్రానిక్సో చదువుకోవచ్చు. ఆ మినహాయింపు కాగితం కోసం తల్లిదండ్రులు ఆఫీసు ట్యాగు మెళ్లోంచి తీయకుండానే పరుగెత్తుకొచ్చేవారు.

"మావాడికి ఇవన్నీ ఇంటర్లోనే అయిపోయాయండి. మళ్లీ ఎందుకండీ టైమ్ వేస్టు?"

"తినింది సరే. అరిగిందా అని అడుగుతాండా," అనేది మా ఆవిడ. ఆమెది అనంతపురం. ఇక్కడికొచ్చి పాతికేళ్లు దాటినా ఆ యాస వదల్లేదు.

పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇస్తారు. కోచింగ్‌లో ఆరితేరిన పిల్లలు లెక్క చేయకుండానే, తప్పు జవాబులు మూడింటినీ కొట్టేసి సరైనది పట్టుకుంటారు. అది ఆమెకు తెలుసు. అందుకని సొంతంగా ఒక నియమం పెట్టింది. పరీక్ష పాసైనవాళ్లు ఒక లెక్కని బోర్డు మీద, అసలు లెక్కలే రాని మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి.

"ఈ కాలేజీలో లెక్కలు రానోడు నాకు యాడ దొరుకుతాడు? మీరే రండి," అంది.

అలా ఏటా ఆగస్టులో నా శనివారాలు అక్కడ గడిచేవి. నాకు అర్థమైతే ఆమె సంతకం పెట్టేది. లేకపోతే లేదు. పిల్లలు నన్ను చూసి ఎవరో పెద్ద ప్రొఫెసరనుకుని బెదిరేవారు. ఒకడు ధైర్యం చేసి, "సార్ స్పెషలైజేషన్ ఏంటి మేడమ్?" అని అడిగాడు.

"తెలియకపోవడం," అంది. "ముప్పై ఏళ్ల అనుభవం."

పిల్లలు చెబుతున్నంతసేపూ ఆమె పక్క బెంచీలో కూర్చుని బోర్డు వైపు కాక, నా వైపు చూసేది. "నీకు వచ్చని నువ్వు చెప్పగాకు. వినేటోళ్ల మొహం చెప్పాల," అనేది వాళ్లతో.

మూడేళ్ల కిందట నార్సింగి అమ్మాయి ఒకతి వచ్చింది. తండ్రి ఐటీ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు. ఆ ఇంట్లో ఇంజినీరింగ్‌లో చేరిన మొదటి మనిషి ఆమే. పరీక్ష బాగా రాసింది. లెక్కల బదులు ఎలక్ట్రానిక్స్ తీసుకోవాలని ఆశ. బోర్డు దగ్గర చేతులు వణికి సుద్దముక్క రెండుసార్లు విరిగింది. ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చివర్లో ఇటు తిరిగి, "సమజైందా సార్?" అంది. కిటికీ అవతల తండ్రి నిలబడి చూస్తున్నాడు.

"అర్థమైందమ్మా," అన్నాను.

మా ఆవిడ నా ముఖం వైపు ఒక క్షణం ఎక్కువ చూసింది. సంతకం పెట్టింది.

మార్చిలో తెలిసొచ్చింది. రెండో సెమిస్టర్ లెక్కలన్నీ ఆ వదిలేసిన పాఠాల మీదే నిలబడతాయి. అమ్మాయికి మిడ్ పరీక్షలో మూడు మార్కులు వచ్చాయి. అప్పటికే ఇంకో సబ్జెక్టు పోయింది. ఇదీ పోతే రెండో ఏడాదిలోకి పంపరు. "ఏడాది పోతే మా నాయిన మళ్ల పంపడు మేడమ్," అని స్టాఫ్ రూములో ఏడ్చిందట.

ఆ సాయంత్రం చిక్కుళ్లు తుంచుతూ మా ఆవిడ అడిగింది. "ఆ పొద్దు మీకు నిజంగా అర్థమయిందా?"

"లేదు."

"మరి?"

"చేతులు వణుకుతున్నాయి. తండ్రి చూస్తున్నాడు. జాలేసింది."

"వణికే పిల్లకి మంచినీళ్లియ్యాల. సంతకం గాదు." కాసేపు చిక్కుళ్లు తుంచింది. "నేనూ మీ మొహం చూసినా. చూసే పెట్టినా. తప్పు ఇద్దరిదీ."

మర్నాడు, ఆ మినహాయింపు తన పొరపాటని శాఖాధిపతికి రాసిచ్చింది. అందులో నా పేరు లేదు.

శిక్ష మాత్రం నాకూ పడింది. ఆ వారం నుంచి రోజూ ఉదయం ఏడింటికి కాలేజీలో, మొదటి సెమిస్టర్ లెక్కలన్నీ ఆ అమ్మాయి నాకు నేర్పాలి. పదింటికి నేను రాయదుర్గంలో ఉండాలి.

"నిన్ననే జెప్పిన గద సార్! మళ్ల మర్చిపోయిన్రా?"

"మర్చిపోయానమ్మా."

"గిట్లయితే నేనెట్ల పాసయిత?"

"మెల్లగ చెప్పమ్మా," అనేది మా ఆవిడ వెనక బెంచీ నుంచి. "పాపం, చరిత్ర చదివినారు."

తను లేచి ఒక్క లెక్కా చెప్పేది కాదు. పిల్ల మధ్యలో ఆగిపోతే ఆగనిచ్చేది. ఆ నిశ్శబ్దం భరించలేక నేను "సరేలేమ్మా" అనబోతే వెనక నుంచి దగ్గేది. రెండు వారాలు అలాగే నడిచింది. ఒక ఉదయం ఆ అమ్మాయి సుద్దముక్క కింద పెట్టేసింది. "మేడమ్, సార్‌కి గాదు, నాకే సమజైతలేదు," అంది.

మా ఆవిడ అప్పుడు లేచింది. "ఇప్పుడొచ్చినావు దోవకి," అంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను తరచుగా చూడలేదు.

ఆ నెలల్లో నేను నేర్చుకున్నది ఒకటుంది. అర్థం కానప్పుడు కాలేదని చెప్పడం. గత నెల ఆసుపత్రిలో డాక్టరు ఏదో చెప్పి "అర్థమైందా?" అన్నాడు. "కాలేదు, మళ్లీ చెప్పండి," అన్నాను. ఆయన మళ్లీ చెప్పాడు.

ఆ అమ్మాయి పాసైంది. గొప్ప మార్కులేం కావు. ఏడాది మాత్రం పోలేదు. ఇప్పుడు చివరి ఏడాదిలో ఉంది. ఆ ఏడాది ఫలితాలు వచ్చిన జూలై సాయంత్రం వాన పడుతోంది. తండ్రి క్యాబ్ తెచ్చి కాలేజీ మెట్ల దగ్గర ఆపాడు.

"మణికొండల దించుత మేడమ్. వద్దనకున్రి."

పిల్లల తల్లిదండ్రుల దగ్గర మిఠాయి ముక్క కూడా తీసుకోని మనిషి, ఆ రోజు ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. అమ్మాయీ నేనూ వెనక.

"ఏం లెక్క మేడమ్ అది?" అన్నాడాయన కొంచెం దూరం పోయాక. "నా బిడ్డని గింత పరేషాన్ జేసింది?"

"నాయినా, నీకెందుకే! బండి నడుపు జర," అంది కూతురు.

"అడగనీమ్మా," అంది మా ఆవిడ. వానకు ఆవిరి పట్టిన ముందు అద్దం మీద, తన వైపున, వేలితో బాణాలు గీసింది. "చూడన్నా, ఈ లెక్క అన్ని గీతల్నీ తిప్పేస్తాది. దీన్ని ఇట్ల, దాన్ని అట్ల. కానీ ఒక గీత ఉంటాది. దాన్ని సాగదీస్తాది, కుదిస్తాది. దోవ మాత్రం మార్చలేదు. ఆ గీత యాడుందో కనుక్కోవాల. అంతే."

నార్సింగి సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. ఆయన స్టీరింగ్ మీదికి వంగి అద్దం వైపు చూశాడు.

"అన్నిటిని తిప్పినప్పుడు గీ ఒక్కదాన్నెందుకు తిప్పది మేడమ్?"

"అదీ అడగాల్సింది," అంటూ ఆమె కొంచెం పక్కకు జరిగి, అద్దం మీద ఖాళీగా ఉన్న చోట మళ్లీ గీయడం మొదలుపెట్టింది.

పచ్చ దీపం పడింది. వెనక హారన్లు మోగాయి. ఆయన బ్రేకు మీంచి కాలు తీయలేదు. "ఒక్క నిమిషం ఆగున్రి," అన్నాడు వెనక బండ్లవాళ్లతో, వాళ్లకు వినబడదని తెలిసీ, ఆమె వేలి వైపే చూస్తూ.