సేటు గారి తొక్కల డబ్బా

తాండూరులో ప్రకాశ్ సేటు చేతి నుంచి సొరకాయ అందుకున్నవాళ్లు ఆ క్షణం నుంచి ముద్దాయిలే. ఇవ్వడం మాత్రం మహారాజులా ఇస్తాడు. గేటు తట్టి, కాయ చేతిలో పెట్టి, "లేతగుంది, ఇయ్యాలనే వండాలె" అని వెళ్లిపోతాడు. మర్నాడు పొద్దున్నే విచారణకి దిగుతాడు. ఏం వండారు? ముక్కలు పెద్దవి కోశారా, చిన్నవా? పోపులో ఏమేశారు? ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, తిననివాళ్లకి ఏం రోగం? దొంగని పట్టుకున్న పోలీసులైనా మధ్యలో చాయ్ తాగడానికి లేస్తారు, సేటు లేవడు.

ఈ విచారణల వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది పక్కింటి నూరీన్. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. ఆమె మొగుడు అఫ్సర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. రెండిళ్లకీ మధ్య నిలబెట్టిన బండల గోడ ఒక్కటే అడ్డం, అది సేటు గొంతుకి ఏమాత్రం అడ్డం కాదు. "బిడ్డా నూరీన్! బీరకాయ ఏం చేసినవ్?" అని అవతల నుంచి కేక వినబడగానే ఆమె కాలు మిషన్ మీద ఆగిపోయేది. అంత కోపం వచ్చేది. ఎందుకు రాదు? వండుకునే కూరకి సంజాయిషీ చెప్పుకోవడం ఏ ఊళ్లో ఉంది?

సేటు అసలు పేరు సూర్యప్రకాశ్. బజారులో కందిపప్పు దుకాణం. జీవితమంతా ఆ గల్లా ముందు కూర్చుని, కొన్నేళ్ల కిందట దుకాణం కొడుకు మనీష్‌కి అప్పగించి ఇంటి పట్టున ఉన్నాడు. ఊరికే ఉండకుండా తోట పెడతానన్నాడు. తాండూరులో గడ్డపార దించితే బండ తగులుతుంది, బండ తీస్తే కింద ఇంకో బండ తగులుతుంది. జనం నవ్వారు. సేటుకి రోషం వచ్చి, వికారాబాద్ వైపు నుంచి ట్రాక్టర్లకి ట్రాక్టర్లు ఎర్రమట్టి తోలించాడు. వానలు వెనకబట్టి బతుకమ్మ దగ్గరికొచ్చే వేళకి ఆ పెరట్లో పందిరి నిండా సొర, బీర, గోడ వెంట చిక్కుడు, కింద మెంతికూర. నవ్విన జనం నవ్వడం ఆపేశారు. ఆపి లాభమేముంది, అప్పటికే విచారణలు మొదలైపోయాయి.

నోటిమాట నమ్మే మనిషి కాదు సేటు. సాక్ష్యం కావాలి. అందుకని కాయ ఇచ్చిన ప్రతి ఇంటి గోడకీ ఒక పాత పెయింటు డబ్బా తీగతో వేలాడదీశాడు. తొక్కలన్నీ అందులో వెయ్యాలి, ఆయన వచ్చి తీసుకుపోయి ఎరువు చేసుకుంటాడు. ఎరువు సంగతి తర్వాత. ముందు డబ్బా బండ మీద కుమ్మరించి, తొక్క తొక్కా తిరగేసి చూసేవాడు. సొర తొక్క, చిక్కుడు ఈనెలు డబ్బాలోకి రావచ్చు. బీర పొట్టు మాత్రం రాకూడదు, దాన్ని పచ్చడి చేసుకోవాలి. ఈ చట్టం ఎవరు చేశారని అడిగే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేదు.

పాపం రెబెక్క టీచరుకి తెలియక పొట్టు డబ్బాలో వేసింది. సేటు ఆ పొట్టు పట్టుకుని నేరుగా బడి గేటు దగ్గరికి పోయాడు.

"టీచరమ్మా, గిదేంది?"

"సేటూ, జ్వరం నుంచి ఇప్పుడిప్పుడే లేచిన. నోటికేం సయిస్తలేదు."

"సయించకనే పచ్చడి చేసుకొమ్మంటున్న! పిల్లలకు పాఠం చెప్తవు, పొట్టు పారేస్తవా?"

పిల్లలందరూ గేటు పట్టుకుని చూశారు. టీచరు ఆ సాయంత్రమే రోట్లో పచ్చడి నూరుకుంది. జాకెట్లకి వచ్చిన వీధివాళ్లందరూ నూరీన్‌తో, "చూసినవా గీ జులుం" అన్నారు.

ఆటో జంగప్ప సంగతి ఇంకా అన్యాయం. ఆటో ఇంజను పోయి షెడ్డులో పడి ఉంది, మనిషి అసలే దిగులుగా ఉన్నాడు. సేటు మాత్రం రోజూ ఏదో ఒక కాయ తీసుకుపోయి ఇవ్వడం, మర్నాడు పోయి అడగడం. "ఏం జంగప్పా, చిక్కుడుకాయల ఈనెలు వచ్చినయి గని నాలుగే వచ్చినయి. మిగిలినయి ఈనె తీయకుంటనే వండినరా?" ఆటో గురించి ఒక్క ముక్క అడగలేదు. ఆటో పోయినవాణ్ణి చిక్కుడు ఈనెల గురించి నిలదీసే మనిషిని ఏమనాలి? జంగప్ప చివరికి ఈనెలు తీయడం నేర్చుకున్నాడు.

నూరీన్‌కి, సేటుకి పెద్ద గొడవ దాల్చా దగ్గర వచ్చింది.

"సొరకాయ ఏం చేసినవ్ బిడ్డా?"

"దాల్చా చేసిన సేటూ."

"దాల్చా అంటే?"

"పప్పు, సొరకాయ..." నూరీన్ కొంచెం ఆగి, "గోష్త్" అంది.

సేటు పుట్టి బుద్ధెరిగి మాంసం అటుంచి, గుడ్డు కూడా ముట్టనివాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. "నా సొరకాయను గోష్త్‌ల ఏసినవా!" అని అంతెత్తున లేచాడు. విసవిసా లోపలికి పోయాడు. ఇంకెప్పుడూ కాయ ఇవ్వడులే, పీడా పోయిందని నూరీన్ అనుకునేలోపే మళ్లీ గోడ దగ్గరికి వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని అడిగాడు.

"ముక్క గట్టిగున్నదా, కరిగిపోయిందా?"

"గట్టిగనే ఉండె."

"ఉంటది మరి, నా కాయ గదా" అని, మళ్లీ కోపం గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా ఒక ఏడు బతుకమ్మ ముందు అఫ్సర్‌ని ఫ్యాక్టరీ వాళ్లు కర్ణాటక వైపు పనికి పంపారు. నెలకోసారి వచ్చి పోవడమే. నూరీన్ ఇంట్లో ఒక్కతే మిగిలింది. పండుగ జాకెట్లు మిషన్ పక్కన గుట్టగా పడి ఉన్నాయి. మొదటిరోజు అన్నం వండుకుంది. రెండో రోజు ఒక్కదానికి ఏం వండుతాంలే అని చాయ్‌లో బన్ను ముంచుకుని తింది. ఆ తర్వాత అదే అలవాటైంది. పొద్దున చాయ్, మధ్యాహ్నం చాయ్, రాత్రి బన్ను. మిషన్ మీద నుంచి లేస్తే కళ్లు తిరిగేవి, గోడ పట్టుకుని నిలబడేది. ఒకసారి సూది వేలిలోకే దిగింది. అఫ్సర్‌కి చెప్పలేదు. చెబితే మోమిన్‌పేట్ తీసుకుపోయి అత్తగారింట్లో దించుతాడు, మిషన్ మూలపడుతుంది. ఆ మిషన్ మూలపడటం నూరీన్‌కి ప్రాణం మీదికి వచ్చినట్టే.

ఆకలితో, అలసటతో ఉన్న ఆ మనిషి చేతిలో సేటు సొరకాయ పెట్టి పోయాడు. "లేతగుంది, ఇయ్యాలనే వండాలె."

నూరీన్‌కి ఒళ్లు మండింది. వండదు. కానీ వండలేదంటే మర్నాడు గోడ మీద నుంచి రామాయణమంతా వినాలి. అందుకని ఒక ఉపాయం చేసింది. కాయ చెక్కు తీసి, తొక్క డబ్బాలో వేసి, బోడికాయని ఫ్రిజ్‌లో పెట్టేసింది. చాయ్ తాగి మళ్లీ మిషన్ మీద కూర్చుంది.

మర్నాడు గోడ అవతల డబ్బా కుమ్మరించిన చప్పుడు వినిపించింది. కాసేపటికి సేటు గోడ దగ్గర కాదు, నేరుగా గుమ్మం ముందే ప్రత్యక్షమయ్యాడు. చేతిలో తొక్కలు.

"సొరకాయ ఏం చేసినవ్?"

"కూర చేసిన."

"తిన్నవా?"

"తిన్న."

"ముచ్చికేదీ?"

నూరీన్ చూపు ఫ్రిజ్ మీదికి పోయింది.

"కూర కోసేటోళ్లు ముందుగాల ముచ్చిక కోస్తరు, తోక కోస్తరు. తోలు వచ్చింది, ముచ్చిక రాలే, తోక రాలే. కాయ యాడున్నది? ఫ్రిజ్‌లున్నదా?"

ఇక నూరీన్ ఆగలేదు. ఇన్నేళ్ల కోపం ఒక్కసారిగా బయటపడింది. "ఉన్నది! ఫ్రిజ్‌లనే ఉన్నది! ఆయన లేడు, పిల్లలు లేరు, నా ఒక్కదానికి ఎవడు వండుతడు సేటూ? గిన్ని జాకెట్లు కుట్టాలె. నీ కాయ నువ్వు తీస్కపో!"

ఆమె అరిస్తే సేటు తగ్గుతాడనుకుంది. సేటుకి ఆమెకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ఒక్కదానివైతే? ఒక్కదానివి మనిషివి కావా? మొగుడు తింటేనే వంటనా? నీకు కడుపు లేదా? మొఖం చూస్కున్నవా అద్దంల, సున్నమేసినట్టున్నది! లే. వండు. నేను ఈడ్నే కూసుంట."

అని గుమ్మం ముందు బండ మీద నిజంగానే కూర్చున్నాడు.

"జాకెట్లు?"

"కానీయ్ ఆలస్యం! ఫస్టు మా ఆమె జాకెట్టు ఆపు. పాతది తొడుక్కొని ఆడుతది బతుకమ్మ."

"ఎవలనడిగి చెప్తున్నవ్?" అని గోడ అవతల నుంచి ఆయన భార్య పద్మమ్మ గొంతు ఖంగుమంది.

నూరీన్ కోపంగా ఫ్రిజ్ తెరిచింది. కోపంగా కాయ కోసింది. కోపంగా శనగపప్పు, పచ్చిమిరపకాయలు వేసింది. "పోపు చప్పుడు వస్తలేదు" అని బయట నుంచి సేటు అరిస్తే, ఆవాలు ఇంకో గుప్పెడు వేసి వినిపించింది. జొన్నరొట్టె చేసుకుని, ఆయనకి కనబడేలా గుమ్మంలో కూర్చుని, ఆయన మొహంలోకే చూస్తూ కోపంగా తిన్నది. మొదటి రొట్టె అయ్యాక కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎంత ఆకలిగా ఉందో అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగితే పచ్చిమిరపకాయ మీద పెట్టింది. సేటు లేచి, ముచ్చిక, తోక రెండూ అడిగి తీసుకుని పోయాడు.

వెంటనే పద్మమ్మ వచ్చింది, జాకెట్టు కోసం పోట్లాడటానికి. నూరీన్ తినడం చూసి పోట్లాట మానేసి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఇంట్ల నిన్ను గూడ గిట్లనే సతాయిస్తడా కూరల గురించి?"

"కూరలా? ఆయన కూర తింటేగద బిడ్డా!"

"అంటే?"

"పెండ్లయినప్పటి నుంచి కందిపప్పు తప్ప ఇంకోటి ముట్టడు. సొరకాయ వాసనొస్తే ఆమడ దూరం పోతడు."

నూరీన్ చేతిలో రొట్టె ఆగిపోయింది. కూరగాయ రుచే తెలియని మనిషి ఇన్నాళ్లు వీధి వీధంతటినీ పోపు గురించి నిలదీశాడా! "మరెందుకు పెద్దమ్మా గీ తోట, గీ డబ్బా?"

"దుకాణంల కూసున్నన్ని రోజులు ఊరి పొయ్యిలన్ని ఆయనకు ఎరుకనే. ఎవలన్న పప్పుకు వస్తలేరంటే, ఆ ఇంట్ల ఏదో అయ్యిందని సమజైతుండె. ఏదో వంక పెట్టుకొని పోయి చూసొస్తుండె. మనీష్ చేతికి వచ్చినంక అన్ని ఫోన్ల ఆర్డర్లే, మనుషులు కనబడ్తలేరు. ఈయనకు పరేషాన్. ఊకనే పోయి తిన్నరా అని అడిగితే నిజం చెప్తరా? తినకున్నా తిన్నమనే అంటరు. తొక్కలైతే అబద్ధం చెప్పయన్నడు."

నూరీన్‌కి జ్వరం నుంచి లేచిన టీచరు గుర్తొచ్చింది. షెడ్డులో పడ్డ ఆటో గుర్తొచ్చింది. సేటు మీద కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. కోపం కూడా రాకుండా చేశాడని ఆమెకి మహా కోపం వచ్చింది. దీనికి బదులు తీర్చుకోవాల్సిందే.

మర్నాడు మధ్యాహ్నం మూత పెట్టిన గిన్నె పట్టుకుని సేటు గుమ్మం ఎక్కింది. "సేటూ, నీ సొరకాయనే. నువ్వు తినాలె."

సేటు మొహం వాడిపోయింది. "బిడ్డా, మీ గిన్నెలల్ల గోష్త్..."

"కొత్త గిన్నె. స్టిక్కర్ గూడ తీయలే, చూడు."

స్టిక్కర్ నిజంగానే ఉంది. సేటు గిన్నె తీసుకోక తప్పలేదు. సాయంత్రం నూరీన్ మళ్లీ వచ్చింది, విచారణకి.

"తిన్నవా సేటూ?"

"తిన్న."

"ఉప్పు?"

"మంచిగ సరిపోయింది."

"కారం?"

"కారం గూడ మస్తు కుదిరింది బిడ్డా. నీ చెయ్యే చెయ్యి."

"పాయసంల కారం యాడిది సేటూ?"

పద్మమ్మ లోపల నుంచి మూత కూడా తీయని గిన్నె తెచ్చి ముందు పెట్టింది. పాలల్లో సొర తురుము ఉడికించి, చక్కెర, ఇలాచీ వేసి నూరీన్ చేసిన పాయసం. నూరీన్ గుమ్మం ముందు బండ మీద కూర్చుంది. "తిను. నేను ఈడ్నే కూసుంట."

సేటు కళ్లు మూసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఒక కన్ను తెరిచాడు. ఇంకో చెంచా పెట్టుకున్నాడు. గిన్నె సగమయ్యాక పద్మమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"సొరకాయ గిట్లుంటదని ఎన్నడన్న చెప్పినవా నువ్వు?"

"నీ నోరు ఎప్పుడు ఖాళీగున్నది చెప్పనీకి!" అంది పద్మమ్మ.

సేటు గిన్నె గీకి గీకి తిని, ఓడిపోయినట్టు కనబడటం ఇష్టంలేక, "తీపి జర తక్కువైంది" అన్నాడు.

"రేపు బీరకాయ, పచ్చిమిరపకాయ. రెడీగుండు" అని నూరీన్ లేచింది.

పండుగ ముందు అఫ్సర్ ఫోన్ చేశాడు. ఒక్కదానివే ఏం తింటున్నావో ఏమో, మోమిన్‌పేట్ పోయి మా అమ్మ దగ్గర ఉండరాదా అని బాధపడ్డాడు. పద్మమ్మ జాకెట్టుకి ఆఖరి హుక్కు కుడుతున్న నూరీన్ దారం పళ్లతో తెంపింది.

"ఒక్కదాన్నెట్లయిత? గోడ అవతల నా ముద్దాయి ఒకడున్నడు. ఫోన్ పెట్టు, సేటు గిన్నె కడగకముందే పోయి చూడాలె."