డబ్బా మూతకు పోయిన కాళ్ల పట్టా

కొబ్బరిపీచు పట్టాను వాషింగ్ మెషిన్‌లో వేసి ఉతికిన మనిషి మా వీధి మొత్తానికి నేనొక్కదాన్నే. ఇంకెవరికీ అంత తెలివి తట్టలేదు. పనిమనిషిని బతిమాలే శ్రమ, సబ్బు ఖర్చు, నా నడుం నొప్పి, అన్నీ ఒక్క మీట నొక్కితే తప్పిపోతాయని లెక్క వేశాను. చిల్లకూరులో నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగినదాన్ని, లెక్క వేయకుండా ఏ పనీ చేయను. మెషిన్ కాసేపు బుద్ధిగా తిరిగింది. తర్వాత బరువు లాగలేని ముసలి ఎద్దులా మూలిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, అడుగు భాగం విప్పి, దోసెడు ఇసుకా పీచూ బయటికి తీసి నా ముందు పెట్టాడు. "ఏందక్కా, మైపాడు బీచిని తెచ్చి మిషన్లో ఏసినావా?" అన్నాడు. నవ్వితే కూలి పెంచుతాడని నవ్వలేదు. అతను అడిగిన దాంట్లో సగానికి బేరం తెగ్గొట్టి, గెలిచిన సంతోషంతో మురికి నీళ్ల బకెట్ ఎత్తబోతుంటే, "పారబొయ్యబాక అక్కా, నా స్క్రూ ఒకటి దాంట్లో పడిపొయ్యింది. నీళ్లు తేరనీ" అని గట్టిగా అరిచాడు.

నేను బకెట్ అక్కడే దించేశాను. అతని స్క్రూ మీద గౌరవంతో కాదు. "నీళ్లు తేరనీ" అన్నది మా అత్త మాట. ఆ మాట విని చాలా కాలమైంది.

నేను కోడలిగా వచ్చేనాటికి మా అత్తవారిల్లు నెల్లూరులో ఆచార్ల వీధిలో ఉండేది. ముందు గాజుల కొట్టు, వెనక ఇల్లు, పక్కన వసారా. ఆ వసారాలో చేతిపంపు. పంపు మాదే అయినా దానికి అవతల గోడకు ఆనుకుని ఉన్న బంగారు పని ఆచారిగారికి కూడా అదే దిక్కు. ఆయన రోజుకు ఎన్నోసార్లు వసారాలోకి వచ్చి, పళ్లెంలో నగలు కడుక్కుని, మా పక్క గుమ్మం మీదుగా తిరిగి వెళ్లేవాడు. ఆ ఇంట్లో మనుషులకంటే కాళ్ల పట్టాలకు ఎక్కువ సేవ జరుగుతుందని నాకు వచ్చిన మొదటి వారంలోనే అర్థమైంది. కొట్టు ముందు కొబ్బరిపీచుది. దాన్ని నిలబెట్టి వీపు మీద కర్రతో కొట్టాలి, ముఖం మీద కొడితే పీచు ఊడుతుంది. వాన రోజుల్లో దానికి నీళ్లు తగలకూడదు. వంటింటి దగ్గర గోనెపట్టా. దాన్ని తీగ మీద వేసి ఎండబెట్టాలి, ఎండ లేకపోతే పొయ్యి పక్కన. ఇక పక్క గుమ్మం దగ్గరిది మా అత్త సొంత చేతి పని. పాత నూలు చీరల్ని పేలికలు చేసి, జడల్లా అల్లి, ఆ జడల్ని చుట్లు చుట్లుగా కుట్టిన మందపాటి పట్టా. దాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, బ్రష్షు తగలనీయకుండా, బోర్లా తిప్పి అరచేత్తో నొక్కుతూ ఉతకాలి. ఉతికిన నీళ్లు వెంటనే పారబోయకూడదు. తేరనిచ్చి, పైన నీళ్లు వంచి, అడుగున వేళ్లతో తడిమి చూడాలి.

ఎందుకంటే అది ఆచార్ల వీధి. అక్కడ అంగళ్లలో ఊడ్చిన దుమ్మును కూడా ఎవరూ వీధిలో పారబోయరు. కుండలో పోసి దాచిపెడతారు. ఏడాదికోసారి దుమ్ము కడిగేవాళ్లు వచ్చి, వెల కట్టి కొనుక్కుపోయి, దాన్ని కడిగి బంగారం పొడి తీసుకుంటారు. ఆచారిగారి పాదాలు మా పట్టా తొక్కుతున్నాయి కాబట్టి ఆ బంగారంలో మాకూ వాటా ఉందని మా అత్త నమ్మకం. ఒకసారి అడుగున చిటికెడు మెరుపు దొరికితే చీర కొంగున కట్టుకుని ఆచారిగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన గీటురాయి మీద గీసి చూసి, "ఇత్తడి అక్కా" అన్నాడు. "నీ రాయే మంచిది కాదులే" అని వచ్చేసింది. కుంకుడుకాయల ఖర్చు కూడా రావడంలేదని నేను లెక్క చెప్పబోతే, "మీ నాయిన కొట్లో కూడా కందిపప్పు జల్లించి రాళ్లేరతారు గదా, ఆ రాళ్లు అమ్ముకుంటారా?" అంది. జవాబు లేని చోట నాకు చాలా కోపం వస్తుంది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టి వదల్లేదు. పక్క గుమ్మం పట్టా ఆరక, తడిసిన కుక్క వాసన కొడుతోంది. దాన్ని ఉతికే వంతు నాది. మా అత్త కొట్లో కూర్చుని ఉన్న సమయం చూసుకుని, పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఆమె నెత్తిన గంపతో వసారాలోకి వచ్చింది. ఒక పప్పు డబ్బా మీద నా కన్ను పడింది. రెండు చీరలకు డబ్బా ఇస్తానంది. మూతకు మాత్రం ఇంకో బట్ట వేయమంది. డబ్బా ఒక బేరం, దాని మూత ఇంకో బేరం! లోకంలో ఎక్కడైనా ఉందా? మా పుట్టింట్లో కొసరు లేకుండా బేరం ముగించడమంటే తాంబూలం లేకుండా చుట్టాల్ని పంపించడంతో సమానం. ఆమె తగ్గలేదు, నేనూ తగ్గలేదు. చివరికి గుమ్మం దగ్గర పట్టాను రెండు వేళ్లతో ఎత్తి ఆమె మూట మీద వేశాను. "ఇది కూడా చీరే. ఒకటి కాదు, నాలుగు" అన్నాను. ఆమె వాసన చూసి, మొహం పక్కకు తిప్పి, మూత ఇచ్చింది. మూత వచ్చింది, ఉతుకుడు తప్పింది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. ఆ మధ్యాహ్నం దాకా నేను మహారాణిని.

మధ్యాహ్నం అన్నాలవేళకు ఆచారిగారు వసారాలో మోకాళ్ల మీద కూర్చుని నేల తడుముతూ కనిపించాడు. మైపాడు నుంచి వచ్చిన ఒకామె తన తాళి తిరిగి గుచ్చమని ఆ ఉదయమే ఇచ్చి వెళ్లిందట. పుస్తెల్నీ గుండ్లనీ చింతపండు నీళ్లలో వేసి మురికి వదలగొట్టి, మా పంపు దగ్గర కడిగాడు. పక్క గుమ్మం పట్టా మీదుగా తన అంగడికి వెళ్లి గుచ్చబోతే ఒక గుండు తక్కువైంది. మిరియపు గింజంత గుండు. పళ్లెం చూశాడు, కుంపటి బూడిద చూశాడు, తూము దగ్గర బురద కూడా జల్లించాడు. ఇచ్చింది తక్కువై తిరిగొచ్చిందన్న మాట ఆయన మీద అంతవరకూ ఎవరూ అనలేదు. తల ఎత్తి, "అమ్మాయ్, ఈడ పట్టా ఉండాల గదా, యాడికి పొయ్యింది?" అని అడిగాడు.

నేను డబ్బా వైపు చూశాను. దాని మూతకు మారు ఇచ్చేశానని చెప్పాను.

అంతలోనే మైపాడు ఆమె వచ్చింది. నల్లగా, పొడుగ్గా, నా వయసే ఉంటుంది. తాళి తీసిన మెడ బోసిగా ఉండకూడదని దారానికి పసుపుకొమ్ము కట్టుకుని ఉంది. సంగతి చెప్పగానే గుమ్మంలో చతికిలబడింది. ఆచారిగారు కొత్త గుండు చేసి ఇస్తానన్నాడు, కూలి వద్దన్నాడు.

"కొత్తది నాకొద్దు సామీ. మా అమ్మ సచ్చిపోతా చెవికమ్మలు తీసిచ్చి, దాంతో గుండ్లు చేయించుకోమన్నింది. నాకా గుండే కావాల" అంది. మళ్లీ తనే, "వాన తెరిపిచ్చింది. తెల్లారగట్ల మా ఇంటాయన పడవెక్కతాడు. పసుపుకొమ్ముతో ఆయన్నెట్టా సాగనంపేది?" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మా అత్త కొట్లోంచి వచ్చి మొత్తం విన్నది. నన్ను తిడుతుందని చెవులు సిద్ధం చేసుకున్నాను. ఆమె డబ్బా మూత ఎత్తి చూసి, మళ్లీ పెట్టి, "బాగుండాది మూత. ఆమెని తోడు తీసుకోని పొయ్యి పట్టా తేపో. అది లేకుండా గడప తొక్కబాక" అంది.

సామాన్ల ఆడవాళ్లు సాయంత్రం ఊళ్లకు పోయే ముందు బస్టాండు గోడ పక్కన కూర్చుని బట్టలు ఏరుకుంటారని ఆటో అతను చెప్పాడు. అదృష్టం కొద్దీ ఆమె అక్కడే ఉంది. ఇంకా అదృష్టం, తడి నేల మీద నా పట్టానే పరుచుకుని, దాని మీదే కూర్చుని ఉంది. మైపాడు ఆమె ముందుకు ఉరకబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "నువ్వు మాట్లాడబాక. కావాలని తెలిస్తే రేటు పెంచేస్తది" అని చెవిలో చెప్పాను. కావలసిన వస్తువు వైపు చూడకూడదనేది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. కాబట్టి ముందు ఒక చెంబు ఎత్తి ధర అడిగాను. తర్వాత ఒక గరిటె. గరిటె కాడ వంకరగా ఉందన్నాను. ఆమె నా మొహం చూసి, "పొద్దన మూతకి పేణం తీసినమ్మవి గదా" అంది. నేను నవ్వి, అప్పుడే చూసినట్టు, "ఆ పట్టా మా అత్త చేతి కుట్టు. నీకెందుకూ పనికిరాదు, ఇచ్చెయ్యి, పాత తువ్వాలొకటి ఇస్తా" అన్నాను.

"అత్త చేతి కుట్టా! అయితే మూడు చీరలు" అంది.

"ఆ కంపు గుడ్డకా?"

"కంపు కొడతాందని పొద్దన నువ్వు చెప్పలేదే? నాలుగు చీరలన్నావు. నేనొకటి తగ్గించే అడగతా ఉండా."

నా మాట నాకే తిప్పి అమ్ముతోంది. నేను ఒక చీర అన్నాను. ఆమె మూడు దగ్గరే కూర్చుంది. లేచి వెళ్లిపోతున్నట్టు నటించాను. ఆమె పిలవలేదు. మళ్లీ వెనక్కి వచ్చాను. మైపాడు బస్సు లోపలికి వచ్చి, మనుషుల్ని ఎక్కించుకుని, మా పక్కనుంచే వెళ్లిపోయింది. దాని వెనక ఇక మిగిలింది ఆఖరి బస్సే. నేను మాత్రం చీరన్నర దగ్గర ఉన్నాను. చీరన్నర అంటే ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు.

మైపాడు ఆమె నా చెయ్యి విదిలించుకుని ముందుకు వంగింది. "అక్కా, నా తాళి గుండు దాంట్లో పడిందేమోనని వచ్చినాం" అంది.

అంతే. సామాన్లామె ఒక్క క్షణం పసుపుకొమ్ము వైపు చూసింది. ఆమె చెయ్యి తన మెడ దగ్గరికి పోయింది. మెల్లగా పక్కకు జరిగి లేచి, పట్టాను దులపకుండా అంచులు లోపలికి మడిచి, గంప మీద కప్పుకునే ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, మైపాడు ఆమె చేతుల్లో పెట్టింది. నేను మర్యాదకు వెంట తెచ్చిన చీరల సంచీలో చెయ్యి పెట్టబోయాను. "నీతో నాకు బేరమొద్దు తల్లీ. ఆ ముక్క ముందే చెప్పుంటే ఈపాటికి ఇల్లు చేరేదానివి. మూత నువ్వే ఉంచుకో" అంది.

ఇంటికి వచ్చేసరికి మా అత్త వసారాలో పెద్ద ఇత్తడి పళ్లెం, కుంకుడు రసం సిద్ధం చేసి కూర్చుంది. పట్టాను పసిబిడ్డను స్నానానికి పడుకోబెట్టినట్టు బోర్లా పడుకోబెట్టింది. పిండలేదు, రుద్దలేదు. నొక్కింది, వదిలింది, నొక్కింది. నీళ్లు తేరాక పైపైన వంచి అడుగు తడిమింది. ఇసుక. ఆచారిగారు తల తిప్పుకున్నాడు. రెండోసారి ఒక గాజు పెంకు. మూడోసారి జడల కుట్లు ఒక్కొక్కటే కత్తెరతో విప్పడం మొదలుపెట్టింది. తన చేత్తో నెలల తరబడి కుట్టిన పట్టా. చుట్టు తర్వాత చుట్టు విప్పుతూ నడిమికి వచ్చేసరికి నీళ్లలో చిన్న చప్పుడైంది. మా అత్త నీళ్లు తేరనిచ్చింది. అప్పుడు కూడా తొందరపడలేదు! వేలి కొసతో అడుగున తడిమి, పైకి తీసి, ఈసారి రాయి మీద గీయించే పని లేకుండా మైపాడు ఆమె అరచేతిలో పెట్టింది.

ఆచారిగారు గోడకు ఆనుకుని కూలబడి, "అమ్మయ్య" అన్నాడు. అంత పొడుగు "అమ్మయ్య" నేను మళ్లీ వినలేదు. మైపాడు ఆమె అప్పుడు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. గుండు గుచ్చి కట్టించుకుని, మా అత్త కాళ్లకు దండం పెట్టి, ఆఖరి బస్సుకు పరిగెత్తింది. ఆమె బస్సెక్కిందని, బస్టాండు దాకా వెంట వెళ్లిన మా ఆయన వచ్చి చెప్పేదాకా నాకు అన్నం దిగలేదు. చెప్పాక మాత్రం రెండు సార్లు వడ్డించుకున్నాను. "ఆకలేస్తాందా?" అంది మా అత్త. ఆ మొత్తం వ్యవహారంలో ఆమె నన్ను అన్న రెండో మాట అదే.

ఇక లెక్క తేల్చాలి. నా ఖాతాలో పోయినవి: పాత చీరలు రెండు, ఆటోకు రానూపోనూ ఛార్జీ, కొత్త పట్టా అల్లడానికి మా అత్త నా పెట్టెలోంచి ఏరి మరీ తీసుకున్న మంచి నూలు చీర. వచ్చినవి: డబ్బా, దాని మూత. మా అత్త ఖాతాలో పట్టా పోయింది, ఆచారిగారి పేరు పోకుండా నిలిచింది, మైపాడు ఆమె గుండు ఆమెకు చేరింది. అన్నీ కూడితే నాకు నష్టమే, కానీ అంత హాయిగా ఏ నష్టాన్నీ నేను భరించలేదు. ఒక్క పద్దు మాత్రం కొట్టివేయలేదు. చీరన్నర దగ్గర నేను బిగుసుకుని నిలబడ్డప్పుడు, వెళ్లిపోతున్న బస్సును చూస్తూ ఆమె పసుపుకొమ్మును పిడికిట్లో పట్టుకున్న ఆ కాసేపు ఆమెది. వస్తువైతే ఏదో ఒకటి ఇచ్చి సరిపెట్టేదాన్ని. కాలం కదా, నా దగ్గర దానికి చిల్లర లేదు.