ఎదురింటన్న దాచుకున్న గాయం

మా ఎదురింటన్న మొన్న ఆదివారం పొద్దున పోయారు. ఇన్ఫెక్షన్ కిడ్నీలకు పాకి రక్తంలో చేరింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీకి తెలిసింది మాత్రం కిడ్నీలో రాళ్లని. నిజం రాయమని వదినే చెప్పింది. "పేరు పెట్టకు తమ్మీ. దాచి దాచే సచ్చిండు. ఇంకోడు గట్ల సావొద్దు."

ఆయన డీసీఎం వ్యాన్ నడిపేవారు. ఇరుకు గల్లీలో నా కారుకు చోటివ్వడానికి దాన్ని గోడకు రాసుకునేంత దగ్గరగా ఆపేవారు. పెద్ద అంబర్‌పేట్ దగ్గర లారీ గుద్దినప్పుడు ఆయనకు కటి ఎముక విరిగి మూత్రనాళం తెగింది. నెలల తరబడి పొట్టకు గొట్టం, లుంగీ కింద సంచి. ఎల్బీనగర్‌లో డాక్టర్లు చెంప లోపలి పొర తీసి కొత్త దారి కట్టారు.

"నోటి తోలు పెట్టిండ్రు తమ్మీ. ఇగ అది గూడ మీ వదినకు ఎదురు మాట్లాడ్తదేమో" అన్నారు.

పక్కింట్లో ఉండే విజయవాడ పిన్నిగారు రాళ్లకు మంచిదని అరటి దూట రసం పంపేవారు. "పడిందా బాబూ?" అని ఆవిడ అడిగితే, "పడ్తదమ్మా, జర టైం పడ్తది" అంటూ గ్లాసు ఖాళీ చేసేవారు.

మూత్రం ఇబ్బంది తీరింది. మగతనం తిరిగి రాలేదు. నరాలు దెబ్బతిన్నాయి. అందుకని అంగం లోపల రెండు గొట్టాలు, వృషణాల పక్కన నొక్కే చిన్న పంపు అమర్చారు. చాలామందికి ఇది పనిచేస్తుంది. ఆయనకు చీము పట్టింది. తీసేశారు. మళ్లీ పెట్టే వీల్లేదన్నారు.

"నేనేమన్న అడిగిన్నా?" అంది వదిన.

"నువ్వు అడగకుంటేనే నాకు భయమైతది" అన్నారాయన.

కొన్నాళ్లకు మూత్రానికి కట్టిన ఆ కొత్త దారి ఇరుకైంది. జ్వరం వచ్చినా దవాఖానకు కదల్లేదు. నేను కారు తీస్తానంటే చెయ్యి అడ్డం పెట్టారు. "శానామందికి చూపిచ్చిన. ఇగ ఎవ్వరికీ చూపియ్య." వదినతో ఇంకో మాట కూడా అన్నారట: "సచ్చినంక గూడ."

మా గల్లీలో మగమనిషి ఎవరు పోయినా ఇంటి ముందు బల్ల మీద పడుకోబెట్టి మగవాళ్లు స్నానం చేయిస్తారు. బల్ల వేశారు. వదిన గుమ్మానికి అడ్డం నిలబడింది. "లోపల నేనే పోస్త."

"మొగోనికి ఆడిది పోసుడు ఎక్కడన్న ఉన్నదా?" అన్నారు ఆయన పెదనాన్న.

"నేను పెండ్లాన్ని. ఇన్నొద్దులు కడిగింది నేనే."

నేనూ ఇంకొకరూ మోసుకెళ్లి బాత్రూంలో పడుకోబెట్టి వచ్చాం. లోపల గడియ పడింది. "జర పక్కకు తిరుగు" అంటున్న ఆమె గొంతు వినిపించింది. కాసేపటికి గోడ గొట్టంలోంచి సబ్బు నీళ్లు గల్లీలోకి వచ్చాయి. ఎదురుచూస్తున్న మగవాళ్లు చెప్పులు తడవకుండా ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.