వక్రా పెరట్లో మల్లెపొద

మొన్న నర్సరీలో ఒకాయన, “మీ వీధి నీళ్ళకి మల్లె బతకదండీ” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ మాట మా వదినతో అని చూడాల్సింది.

చమురు డబ్బుతో దోహా చుట్టూ ఎటు చూసినా కొత్త కట్టడాలు లేస్తున్న కాలమది. అన్నయ్య ఒక కంపెనీలో ఇంజనీరు. ఆయన చలవ వల్ల నేనూ అక్కడే గుమాస్తాని. దోహా పక్కనే ఉన్న అల్ వక్రాలో అద్దె ఇల్లు, వెనక పిడికెడు ఇసుక పెరడు. రాజమండ్రి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మల్లె అంటు వదిన అక్కడ నాటింది. బావి నీళ్ళు ఉప్పు. ట్యాంకరు నీళ్ళు వంటకీ తాగడానికీ బొటాబొటి. అందుకని కిటికీ ఏసీల కింద బొట్టు బొట్టుగా కారే నీటికి డబ్బాలు పెట్టింది. కరెంటు పోతే మేమిద్దరం ఉక్కకి విలవిల్లాడేవాళ్ళం. ఆవిడ మాత్రం మొక్కకి నీళ్ళాగిపోయాయని బెంగపడేది. చలికాలంలో ఏసీలు ఆగితే బియ్యం కడిగిన నీళ్ళు పోసేది. గాలిదుమారం వచ్చి వెళ్ళాక ఒక్కో ఆకూ తుడిచేది.

మూడో ఏడు చలి చివర్లో ఇంటాయన, పెద్దవయసు అరబ్బు, వచ్చాడు. పెరడంతా కార్లకి సిమెంటు చేయిస్తాడట. “జర్ మాఫీ, ఫూల్ మాఫీ. సిమెంట్ అచ్ఛా!” అన్నాడు చెయ్యి తిప్పుతూ. మొక్కా లేదు, పువ్వూ లేదు, సిమెంటే మేలని.

వదిన గుమ్మం దాటి వచ్చింది. “ఏమండీ, ఈ వసంతం దాకా ఆగమనండి. పూయకపోతే సిమెంటు నేనే దగ్గరుండి పోయిస్తానని చెప్పండి.”

అన్నయ్య అరబీ, హిందీ కలిపి చెప్పాడు. ముసలాయన నవ్వి ఒప్పుకున్నాడు.

మర్నాడే వదిన పొద ఆకులన్నీ దూసేసింది. అన్నయ్య అదిరిపోయాడు. “ఉన్న నాలుగాకులూ పీకేస్తే ఆయనకి ఏం చూపిస్తావే?”

“ఆకు దుయ్యకపోతే మొగ్గెలా వస్తుందండీ? మీరు ఆఫీసుకెళ్ళండి” అంది. గొంతు గట్టిగానే ఉంది. మేం గుమ్మం దాటుతుంటే మాత్రం ఒక పుల్లని గోటితో గీరి, లోపల పచ్చగా ఉందో లేదో చూసుకుంది.

ఎన్నాళ్ళో ఎండుపుల్లలే. తరువాత చిగురు, చిగురు చివర మొగ్గ. ఒక సాయంత్రం పెరడంతా వాసన. ఇంటాయన ఈసారి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ పొద దగ్గర చతికిలబడి, “ఫుల్! ఫుల్!” అంటుంటే కడుపు నిండిందంటోందనుకున్నాను. మల్లెని అరబీలో అలాగే అంటారట. వదిన మాలకట్టి ఇస్తే ఆ తల్లి కొడుకుతో ఏదో గద్దించినట్టు చెప్పింది. సిమెంటు పోశారు గానీ పొద చుట్టూ మంచమంత మట్టి వదిలేశారు.

ఆ ఇంట్లో చాలా ఏళ్ళే ఉన్నాం. ఎండలూ దుమారాలూ అన్నీ కలిసిపోయాయి. వెనక్కి చూస్తే ఆ ఏళ్ళన్నీ నాకిప్పుడు ఒకే ఒక్క వసంతంలా కనిపిస్తాయి.